పన్నెండో గుండుసూది

ఆ రోజు పొద్దున పాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, ఎనిమిదిన్నర బస్సు అందుకోవాలి, పదింటికి కమిటీ ముందు నిలబడాలి, సాయంత్రం ఏడవకుండా ఇంటికి రావాలి. వీటిలో లేవడం ఒక్కటే ఏ గొడవా లేకుండా జరిగింది.

పాలమ్మ అంటే పాలు పోసే మనిషి అనుకునేరు. ఆవిడ మందుల పరిశోధనశాలలో శాస్త్రవేత్త. నూనెనూ నీటినీ కలిపి అద్దంలా తేటగా ఉండే ద్రవం తయారుచేయాలని నాలుగేళ్ళుగా పట్టు పట్టి కూర్చుంది. కలిపిన ప్రతిసారీ అది తెల్లగా, చిక్కగా తయారై ఆవిడ మొహంలోకి చూసేది. రెండువందల పద్దెనిమిది సార్లు కలిపితే రెండువందల పద్దెనిమిది సార్లూ పాలే. "ఏమ్మా, ఈ పూట ఎన్ని లీటర్లు?" అని స్టోరుకీపరు అడిగిన రోజునుంచి ఆవిడకు ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంత తపనా పిచ్చుక కోసం. పిచ్చుక ఆవిడ ఆడపడుచు కూతురు, ఆరేళ్ళది, అదే ఇంట్లో పైవాటాలో ఉంటుంది. ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో రక్తం ఎక్కించాలి. రక్తం ఎక్కుతున్నంతసేపూ పిల్ల హాయిగా బొమ్మలు గీసుకుంటుంది. అంతకుముందు పొడిచే ఆ ఒక్క సూది దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది. నరం ఒక పట్టాన దొరకదు, ఒకచోట కాకపోతే ఇంకోచోట పొడుస్తారు, నలుగురు పట్టుకోవాలి. ముందురోజు సాయంత్రమే ఏడుపు మొదలవుతుంది. పట్టుకోవలసిన నలుగురిలో ఒకడైన మేనమామ, అంటే పాలమ్మ భర్త, సరిగ్గా ఆ సమయానికి వరండాలోకి జారుకుని మంటలార్పే డబ్బామీద రాసిన సూచనలు చదువుతుండేవాడు. నాలుగేళ్ళలో ఆ సూచనలు ఆయనకు కంఠతా వచ్చేశాయి.

"అత్తా, నొప్పి తెలీని నీళ్ళు ఇంకా అవలేదా?" అని పిచ్చుక ఆసుపత్రినుంచి వచ్చిన ప్రతిసారీ అడిగేది.

"అవుతున్నాయే తల్లీ."

"పోయినసారి కూడా ఇదే అన్నావ్."

అంతకుముందుసారి కూడా అదే అంది. కానీ పిల్లకు ఆ లెక్క తెలియనందుకు పాలమ్మ లోలోపల సంతోషించేది.

పన్ను పీకేముందు డాక్టరు చిగురుకు ఇచ్చే మందు ఉంది చూశారూ, ఆ మందు చర్మంలోకి పోతే చాలు, పైన సూది పొడిచినా తెలియదు. పోవడమే కష్టం. మన చర్మం ఎవర్ని పడితే వాళ్ళని లోపలికి రానిచ్చే రకం కాదు. అన్నిటికన్నా పైపొర కాగితంకన్నా పలచన. అందులో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, సందుల్లో కొవ్వు మెత్తి ఉంటుంది. అంతే, అదే గోడ. ఆ పలచటి గోడను నమ్ముకునే మనిషి రోజూ స్నానం చేస్తాడు, వానలో తడుస్తాడు, గంటలకొద్దీ ఈత కొడతాడు, అయినా నానిపోయి ఉబ్బిపోడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా పాలమ్మ తన చేతిని తనే వింతగా చూసుకునేది. అబ్బ, ఏం కట్టుబడి అనుకునేది. ఆ మరుక్షణమే, ఈ గోడ దాటేదెలా భగవంతుడా అని తల పట్టుకునేది.

గోడ సందుల్లోంచి దూరాలంటే మందును మోసుకెళ్ళే నూనెబొట్టు ఊహకందనంత చిన్నదవ్వాలి. ఎంత చిన్నదంటే, వెలుతురు కూడా దాన్ని పట్టించుకోకుండా దాటిపోవాలి. పాలు తెల్లగా కనిపించేది అందులో బొట్లు పెద్దవి కాబట్టే. బొట్లు చిన్నవైతే తెలుపు పోయి ద్రవం తేటపడుతుంది. అందుకు నూనెకూ నీటికీ సంధి కుదిర్చే సబ్బులాంటి పెద్దమనిషి ఒకడు కావాలి, ఆ పెద్దమనిషికి సాయంగా ఇంకో చిన్న మనిషి కావాలి, అన్నీ సరైన పాళ్ళలో పడాలి. పడితే చిలకనక్కర్లేదు, మరిగించనక్కర్లేదు, దానంతట అదే తేటపడుతుంది. పడకపోతే మళ్ళీ పాలే.

ఆ ముందురోజు సాయంత్రం, రెండువందల పంతొమ్మిదోసారి, పాళ్ళు పడ్డాయి. చివరి చుక్క వేసేవరకూ గాజుపాత్రలో మామూలు తెల్లటి పాలే ఉన్నాయి. పాలమ్మ నిట్టూర్చి కాయితంమీద "పా" అని రాసింది. "లు" రాయబోతుండగా పాత్ర అడుగున ఏదో కదిలినట్టయింది. తెలుపు అంచులనుంచి కరగడం మొదలుపెట్టింది. ఎవరో తెర లాగినట్టు పక్కకు తప్పుకుంది. పాత్ర వెనకాల ఉన్న గడియారం ముళ్ళు కనిపించాయి, తర్వాత అంకెలు కనిపించాయి, ఆ తర్వాత సెకన్ల ముల్లు కూడా. పాత్రలో లక్షల కోట్ల నూనెబొట్లున్నాయి, ఒక్కటీ కంటికి ఆనడం లేదు. నాలుగేళ్ళు తిట్టుకున్న నూనే, నీళ్ళూ తన కళ్ళముందే ఇలా ఒక్కటైపోతే ఎవరికి చెప్పుకోవాలో తెలియక, గడియారానికి నమస్కారం పెట్టింది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. పాలైనన్నాళ్ళూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడది అచ్చం నీళ్ళలా ఉంది. స్టోరుకీపరుకు బల్లలమీద నీళ్ళ సీసాలు కనిపిస్తే పారబోసి, కడిగి, బోర్లించేదాకా మనసు నిలవదు. అందుకని పాలమ్మ దాన్ని ఒక చిమ్మే సీసాలో పోసుకుని భద్రంగా ఇంటికి తెచ్చుకుంది. ఆఫీసులో చిమ్మే సీసా కావాలని దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలైనా రాలేదు కాబట్టి, ఆ సీసా ఆవిడ భర్తది. ఆయన దర్జీ. ఇస్త్రీ చేసేముందు గుడ్డమీద నీళ్ళు చిమ్ముకోవడానికి అలాంటివి రెండు ఉంటే, ఒకటి ఆవిడ పట్టుకెళ్ళింది. మందు పేరు రాసిన చీటీమీద స్టోరు ముద్ర పడాలి గనుక పొద్దున వెళ్ళాక అంటిద్దాంలే అనుకుని, సీసాను వంటింటి కిటికీలో పెట్టి పడుకుంది.

పొద్దున ఏడింటికి దర్జీ భార్య తెల్లకోటు చూశాడు. ఆఫీసువాళ్ళు ఎవరి కొలతలకో కుట్టించి ఈవిడకిచ్చిన కోటు అది. చేతులు వేళ్ళ చివరలు దాటి వేలాడుతుంటాయి. నాలుగేళ్ళుగా ఆవిడ మడుచుకుంటూనే ఉంది, ఆయన "ఓ రోజు సరిచేసిపెడతాలే" అంటూనే ఉన్నాడు.

"ఇవాళ కమిటీ ముందు ఈ అవతారంతోనా? ఇలా ఇవ్వు, పది నిమిషాల్లో చేసిస్తా."

"వద్దండీ, ఎలాగోలా మడుచుకుంటాను."

"దర్జీ పెళ్ళాం కోటు ఇలా ఉంటే రేపు నా దగ్గర ఎవరైనా గుడ్డ కుట్టించుకుంటారా?"

అప్పటికే పాలమ్మ కమిటీ ముందు చెప్పబోయే మాటలు గోడవైపు తిరిగి వల్లె వేసుకుంటోంది. దర్జీ కోటు తీసుకెళ్ళి ముందుగదిలో, తన మిషను పక్కన పరిచాడు. చేతులు లోపలికి లోతుగా మడిచి, సూదుల దిండునుంచి పన్నెండు గుండుసూదులూ తీసి వరసగా గుచ్చాడు. మడత నిలవాలంటే గుడ్డ తడపాలి. తన సీసా ఖాళీ. ఇంతలో వంటింటి కిటికీలో రెండో సీసా నిండుగా, తేటగా, పొద్దుటి ఎండలో తళతళలాడుతూ కనిపించింది.

"ఇదిక్కడుందా!" అనుకున్నాడు ఆయన.

ముతకగుడ్డ తాగుతూనే ఉంది, ఆయన చిమ్ముతూనే ఉన్నాడు. రెండు చేతులూ మోచేయి దాటేదాకా తడిశాయి, సీసా అయిపోయింది. తన చేతులమీద చుక్క పడితే నడుముకు కట్టుకున్న తువ్వాలుతో తుడుచుకోవడం ఆయనకు అలవాటే. ఇస్త్రీపెట్టె పెట్టబోయేసరికి కరెంటు పోయింది. సరే, తడిమీదే చేత్తో గబగబా కుట్టేసి, సూదులు తీసి దిండులో పొడిచాడు. పద్ధతైన మనిషి కనుక ఖాళీ సీసాను కుళాయి కింద పెట్టి నింపి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు.

"కొంచెం తడిగా ఉంది, ఒంటివేడికి ఆరిపోతుందిలే," అన్నాడు కోటు తొడుగుతూ.

చేతులు మణికట్టు దగ్గర కొలిచినట్టు ఆగాయి. పాలమ్మ సీసా సంచిలో పెట్టుకుని పరుగెత్తింది. ఎనిమిదిన్నర బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాతి బస్సులో నిలబడి, సంచిని గుండెలకు హత్తుకుని, అందులో ఉన్న కుళాయి నీళ్ళను కళ్ళలో పెట్టుకుని కాపాడుకుంటూ తీసుకెళ్ళింది.

బస్సు దిగేసరికి చేతులు ఏదోలా ఉన్నాయి. మొదట చల్లగా అనిపించి, తర్వాత ఏమీ అనిపించడం మానేశాయి. పరిశోధనశాలలో సంచి బల్లమీద పెడుతుంటే మోచేయి బల్ల అంచుకు ఠపీమని తగిలింది. శబ్దం వినబడింది గానీ దెబ్బ తగల్లేదు.

"ఏంటమ్మా, మొహం పాలిపోయింది?" అన్నాడు స్టోరుకీపరు.

"చేతులు మొద్దుబారుతున్నాయి," అంది పాలమ్మ నీరసంగా.

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"అమ్మో, ఎడమ చెయ్యా? అది గుండె!"

"కుడిది కూడా."

స్టోరుకీపరు కాసేపు ఆలోచించాడు. "అయితే గుండె కాదులెండి. రెండు వైపులా ఉండదుగా," అని ధైర్యం చెప్పి, ఇంకాస్త ఆలోచించి, "పక్షవాతం అయ్యుంటుంది," అన్నాడు.

పాలమ్మ నమ్మేసింది. చెబితే ఆసుపత్రికి పంపేస్తారు. పంపేస్తే కమిటీ ఆగదు. ఇది ఆఖరి సమీక్ష. ఈ రోజు ఫలితం చూపించకపోతే పని ఆపేసి, ఆ గదిని పాత బీరువాలకు ఇచ్చేస్తారని ఉత్తరం కూడా వచ్చింది. పిచ్చుకను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళేది వచ్చే సోమవారం. ఒక్క రెండు గంటలు ఓపిక పట్టండి, ఆ తర్వాత మీ ఇష్టం అని తన చేతుల్ని తనే బతిమాలుకుంది. గుండె గట్టిగా కొట్టుకుంటోంది, కనీసం అదైనా తెలుస్తున్నందుకు ఊరట పడి లోపలికి నడిచింది.

కమిటీలో ముగ్గురు. లెక్కల మేడం అంకెలు తప్ప మాటలు నమ్మదు. గదుల అధికారి చేతిలో ఇనుప టేపుతో వచ్చి, సమావేశం మొదలుకాకముందే బీరువాలు ఎన్ని పడతాయో గోడలు కొలుస్తున్నాడు. మధ్య కుర్చీలో పెద్దాయన, చర్మం డాక్టరు. ముప్పై ఏళ్ళుగా చర్మాన్ని చూస్తున్న మనిషి. ప్రతి సమీక్షలోనూ "చర్మం గోడ. గోడకు దణ్ణం పెట్టాలి గానీ, తల వేసి కొట్టుకోకూడదు," అని రాస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని గోడ డాక్టరు అంటారు.

"చూపించమ్మా, ఈసారైనా పాలు కాదు కదా?" అన్నాడాయన.

పాలమ్మ సీసా ఎత్తి పట్టుకుంది. తేటగా, స్వచ్ఛంగా ఉంది. లెక్కల మేడం కళ్ళజోడు సవరించుకుంది. గోడ డాక్టరు ముందుకు వంగాడు. "ఇందులో నూనె ఉందంటావా?" అన్నాడు, గొంతులో కొత్త మర్యాదతో.

"ఐదోవంతు నూనేనండీ," అంది పాలమ్మ, కుళాయి నీళ్ళను చూపిస్తూ.

పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజేయి బల్లమీద పెట్టాడు. "పళ్ళ డాక్టర్లు రోజూ వాడే మందేగా, నామీదే చెయ్యి," అన్నాడు. పాలమ్మ రబ్బరు తొడుగులు వేసుకుని జాగ్రత్తగా చిమ్మి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, గంట ఆగాలంది. ఆ గంటసేపూ తన నాలుగేళ్ళ కథ చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు మోచేతుల పైదాకా తనవి కానట్టు వేలాడుతున్నాయి.

సరిగ్గా ఆ గంటలోనే ఇంటి దగ్గర దర్జీ కొట్టు సర్దుకుంటూ సూదుల దిండు చూశాడు. పదకొండున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. నేలమీద అయస్కాంతం తిప్పాడు. మిషను కింద దూరి చూశాడు. పన్నెండు సూదులు పెట్టి మొదలుపెట్టిన పనిలో పదకొండే తిరిగి రావడం ఆయన ముప్పై ఏళ్ళ వృత్తిలో ఎప్పుడూ జరగలేదు. అంటే పన్నెండోది కోటులోనే ఉంది. ఆవిడ చెయ్యి ఊపితే గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే కమిటీ ముందు కెవ్వుమంటుంది, ఆవిడ బతుకంతా ఆధారపడిన రోజున తనవల్ల కెవ్వుమంటుంది. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి దర్జీ రోడ్డుమీదికి దూకాడు.

గేటు దగ్గర కాపలాదారు అడ్డుకున్నాడు. "పనేంటి?" అని అడుగుతూనే మెడలో టేపు చూసి, "ఓ, కర్టెన్లకా?" అన్నాడు.

"అవును," అన్నాడు దర్జీ. అబద్ధమాడటం అలవాటు లేని మనిషికి ఎవరైనా తయారుగా అందించిన అబద్ధం కాదనడం చాలా కష్టం.

కమిటీ గది తలుపు తోసేసరికి గదుల అధికారి మొహం వెలిగిపోయింది. మూడేళ్ళుగా కర్టెన్లకు రాస్తున్నాడాయన. "వచ్చావా నాయనా! రా, రా, మాట్లాడకు, సమీక్ష జరుగుతోంది. ఆ కిటికీనుంచి మొదలుపెట్టు," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. దర్జీ నోరు తెరిచాడు. "ష్!" అంది లెక్కల మేడం. దర్జీ నోరు మూసుకుని కిటికీ కొలిచాడు.

భర్త ఇక్కడ కిటికీలు ఎందుకు కొలుస్తున్నాడో పాలమ్మకు అర్థం కాలేదు. పక్షవాతం మెదడుకు కూడా ఎక్కిందేమో అనుకుంది. ఆయన కిటికీ దగ్గరనుంచి సైగలు మొదలుపెట్టాడు. తన ఎడమ చెయ్యి చూపిస్తాడు, దానిమీద వేలితో పొడుచుకుంటాడు, పళ్ళు బిగించి బాధపడుతున్నట్టు మొహం పెడతాడు. గట్టిగా పొడవమని ధైర్యం చెబుతున్నాడు కాబోలు అనుకుని పాలమ్మ తల ఊపింది. దర్జీ తల అడ్డంగా ఊపాడు. పాలమ్మ మళ్ళీ నిలువుగా ఊపింది.

"కర్టెన్లతనికి మూర్ఛ ఉన్నట్టుంది," అని లెక్కల మేడం నోట్సులో రాసుకుంది.

గంట అయింది. పాలమ్మ ప్లాస్టిక్ కాగితం విప్పి, తుడిచి, పరీక్షసూది తీసింది. మనసులో పిచ్చుకను తలుచుకుని నెమ్మదిగా పొడిచింది.

"అమ్మా!" అని గోడ డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

ఇంకోచోట పొడవమన్నాడాయన. "అబ్బా!" మూడోచోట పొడవబోతే చెయ్యే వెనక్కి లాక్కున్నాడు. లెక్కల మేడం మూడు సున్నాలు చుట్టింది. గదుల అధికారి తన టేపు చప్పుడు చేయకుండా జేబులోంచి తీశాడు.

గోడ డాక్టరు నవ్వలేదు, చూశావా అనలేదు. చొక్కా చెయ్యి దించుకుని గుండీ పెట్టుకున్నాడు. "అందరూ నేను గోడపక్షం అనుకుంటారమ్మా," అన్నాడు. "రోజుకు ఇరవైమంది పిల్లలు నా గదిలో సూదికి ఏడుస్తారు. ఎవరైనా ఒక్కరు వచ్చి ఈ గోడ దాటి చూపిస్తారేమోనని ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నా. సీసా ఎత్తినప్పుడు నువ్వేనేమో అనుకున్నాను."

ఆ మాటకు పాలమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టినా బాగుండేది. సోమవారం పిచ్చుక అడుగుతుంది, తను మళ్ళీ అదే జవాబు చెబుతుంది. కళ్ళు తుడుచుకుందామని ఎడమ చెయ్యి ఎత్తింది.

"ఆగు!" అన్నాడు గోడ డాక్టరు. "నీ చేతికి అదేంటి?"

తెల్లటి కోటు చేతిమీద, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక ఉంది. ఆయన కోటు చెయ్యి మెల్లగా తిరగేశాడు. తల లోపలి మడతలో, మొన పాలమ్మ ముంజేతిలో ఉండేలా ఒక గుండుసూది సగందాకా దిగి ఉంది.

"నా సూది!" అని కిటికీ దగ్గర కర్టెన్లతను కేకేశాడు.

"ఎప్పుడు గుచ్చుకుందమ్మా?"

"ఏది?" అంది పాలమ్మ.

గోడ డాక్టరు సూదిని పైకి లాగాడు. పాలమ్మ ఆ సూదిని, తన చేతిని, ఎవరిదో పెళ్ళి చూస్తున్నట్టు చూస్తోంది. "తెలిసిందా?" "లేదండీ." ఆయన ఇంకో శుభ్రమైన సూది తీసుకుని ఆ పక్కన తాకించాడు. "ఇక్కడ?" "లేదండీ." ఇంకాస్త పైన పొడిచాడు. "ఇక్కడ?" "ఊహూ." మోచేయి దగ్గర, "ఇక్కడో?" "లేదు. నాకు పక్షవాతమండీ, పొద్దుటినుంచి చెప్పకుండా దాచాను," అని పాలమ్మ ఘొల్లుమంది.

ఇక దర్జీకి ఆగడం సాధ్యం కాలేదు. కిటికీ వదిలేసి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "బాబూ, నేను కర్టెన్లవాణ్ణి కాదు, ఈవిడ మొగుణ్ణి. తప్పంతా నాదే. కోటు చేతులు మడిచి కుట్టాను. సూది ఒకటి మర్చిపోయాను."

"సూది సంగతి సరే," అన్నాడు గోడ డాక్టరు, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూస్తూ. "కోటుకు ఇంకేం చేశావు?"

"ఏం చేస్తానండీ, కాసిని నీళ్ళు చిమ్మాను. కిటికీలో నా సీసా ఉంటేనూ. అయిపోతే మళ్ళీ కుళాయి నీళ్ళు పట్టి అక్కడే పెట్టేశాను."

పాలమ్మ సీసా వైపు చూసింది. సీసా నిర్మలంగా ఆవిడ వైపు చూసింది. తొడుగు లాగేసి, రెండు చుక్కలు వేళ్ళమధ్య రుద్దుకుంది. జారడం లేదు. వాసన చూసింది. కుళాయి వాసన. తర్వాత కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుగేళ్ళుగా తలలో తిరుగుతున్న నూనె వాసన గుప్పుమంది.

"ఏవండీ," అంది, "ఎక్కడిదాకా చిమ్మారు?"

"మోచేతికి రెండు వేళ్ళ పైదాకా. గుడ్డ అక్కడిదాకే మడత పడింది."

గోడ డాక్టరు కోటు విప్పించి, ఆవిడ చేతిమీద సూది మొన తాకిస్తూ పైకి పోయాడు. తెలియదు, తెలియదు, తెలియదు. మోచేతికి సరిగ్గా రెండు వేళ్ళ పైన పాలమ్మ "అమ్మా!" అని అరిచింది. నాలుగేళ్ళలో ఆవిడ నోట అంత ఆనందంగా వచ్చిన కేక అదే. దర్జీ అలవాటుకొద్దీ జేబులోంచి సుద్ద తీసి అక్కడ గీత పెట్టాడు. కుడిచేతికి కూడా చూశారు. అదే చోట, అదే కేక, అదే గీత. లెక్కల మేడం తనే లేచి వచ్చి, దర్జీ మెడలో టేపు లాక్కుని రెండు చేతులూ కొలిచింది. రెండోసారి కొలిచింది. కళ్ళజోడు తీసి పట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచి నిలబడిపోయింది.

గోడ డాక్టరు మాత్రం ఆ సుద్దగీతనే చూస్తున్నాడు. గీతకు పైన మామూలు చర్మం ఉంది, కింద కూడా అదే చర్మం, అదే రంగు, అదే నునుపు. సూదిగాట్లు తప్ప ఎక్కడా ఒక గీరు లేదు, ఒక దద్దురు లేదు. ఇటుక కదల్లేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన కాపలా కాసిన గోడలోంచి, ఒక ఆడమనిషి బస్సులో నిలబడి ఉండగా, కోట్లకొద్దీ బొట్లు చప్పుడు చేయకుండా నడిచి వెళ్ళిపోయాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. "దాటేశావమ్మా," అన్నాడు మెల్లగా. "గోడను ముట్టుకోకుండా దాటేశావు."

తర్వాత గుర్తొచ్చి కోప్పడ్డాడు. మందును ఇంటికి తీసుకెళ్ళినందుకు, చీటీ అంటించనందుకు, చేతులు మొద్దుబారితే దాచినందుకు వరసగా చీవాట్లు పెట్టాడు. నాడి చూసి, చేతులు సబ్బుతో కడిగించి, స్పర్శ తిరిగి వచ్చేదాకా కదలనివ్వలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు సూది గుచ్చుకున్నచోట చిన్నగా నొప్పి మొదలైంది. పాలమ్మ ఆ నొప్పిని రెండో చేత్తో నిమురుకుంటూ మురిసిపోయింది.

గదుల అధికారి బీరువాల కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మరి కర్టెన్లు?" అని దర్జీని అడిగాడు. కొలతలు ఎలాగూ తీశాను, కుట్టిపెడతానన్నాడు దర్జీ.

సాయంత్రానికి నివేదిక వచ్చింది. పని కొనసాగించాలని, గది ఎవరికీ ఇవ్వరాదని, పద్ధతి ప్రకారం పరీక్షలన్నీ మొదటినుంచి జరపాలని అందులో ఉంది. "వాడిన పరికరాలు" అన్నచోట గోడ డాక్టరు తన చేత్తో రాశాడు: కోటు ఒకటి, గుండుసూది ఒకటి, భర్త ఒకరు. మొదటి రెండూ పరిశోధనశాలలో భద్రపరచవలెను, మూడవదానిని ఇంటికి పంపివేయవచ్చును.

"అయితే నా సూది ఇవ్వరా?" అన్నాడు మూడవది.

పరీక్షలన్నీ మొదటినుంచి జరపడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ పిచ్చుక అడుగుతూనే ఉంది, పాలమ్మ అవుతున్నాయనే చెప్పింది. కాకపోతే ఈసారి అలా చెబుతున్నప్పుడు ఆవిడ మొహం తిప్పుకోలేదు. పెద్దవాళ్ళమీద చూశారు, ఎక్కువమందిమీద చూశారు, పిల్లలకు ఎంత పూయాలో తేల్చారు, అనుమతి కాగితంమీద ఆఖరి ముద్ర పడింది. ఒక సోమవారం పొద్దున ఎనిమిదేళ్ళ పిచ్చుక ఆసుపత్రి మంచంమీద, పూతమందు రాసిన చెయ్యి చాపి కూర్చుంది. అలవాటు ప్రకారం ముందే కళ్ళు గట్టిగా మూసుకుంది. అలవాటు ప్రకారం నలుగురు పట్టుకోవడానికి వచ్చారు, గోడ డాక్టరు వాళ్ళను వద్దన్నాడు. దర్జీ ఆ రోజు వరండాలోకి పోలేదు. పిల్ల రెండో చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

నర్సు వంగింది, లేచింది, గొట్టం అమర్చి అతికించింది. పాలమ్మ పిల్ల మొహమే చూస్తోంది. ఆ మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఎర్రటి రక్తం సన్నగా గొట్టంలోకి దిగడం మొదలుపెట్టింది.

"అత్తా, ఎప్పుడు పొడుస్తారే?" అంది పిచ్చుక కళ్ళు తెరవకుండానే.

"అయిపోయింది తల్లీ."

పిచ్చుక ఒక కన్ను తెరిచి చూసుకుంది. రెండోది కూడా తెరిచింది. చేతిని చూసి, గొట్టాన్ని చూసి, అత్తను చూసి, ఏదో అన్యాయం జరిగినట్టు మొహం పెట్టింది.

"అదేంటి? నేనింకా ఏడవలేదుగా!"

ఆ లోటు దర్జీ తీర్చాడు.